తొంభై ఆరు ప్రశ్నలు, ఒక ముద్ర

రాజమండ్రి,
4-7-2002

అరుణమ్మా,

నీ అన్న కామరాజు క్షేమంగానే ఉన్నాడు, మీ వదిన కూడా. ఏడాదిన్నర తరవాత ఉత్తరం రాస్తున్నానంటే ఏదో పని పడి ఉంటుందని కవరు చించకముందే అనుకుని ఉంటావు. సరిగ్గానే అనుకున్నావు.

ఫోన్ ఎందుకు చెయ్యలేదో నీకు తెలుసు. పోయినేడు నువ్వు బ్యాంకులో స్వచ్ఛంద పదవీ విరమణ కాగితం మీద సంతకం పెట్టిన రోజు నేను ఏమేం అరిచానో ఇక్కడి ఎస్టీడీ బూత్ అతనికి ఇప్పటికీ గుర్తుంది. "ఇరవై రెండేళ్ల ఉద్యోగం వదిలేసి ఆయాల్ని పోగేస్తావా" అన్నాను. మనిద్దరం ఫోన్‌లో మూడు నిమిషాల్లో పోట్లాటకి దిగుతాం. ఉత్తరమైతే కనీసం పేజీ నిండేదాకా ఓపిక పడతాం.

ఇక సంగతి. మా సప్తగోదావరి విశ్వవిద్యాలయానికి కొత్త వైస్ ఛాన్సలర్ గారొచ్చారు. వస్తూనే ఒక సర్క్యులర్ వేశారు. ప్రతి శాఖా సమాజంలో మార్పు కోసం పనిచేసే ఏదో ఒక సంస్థతో చేతులు కలపాలట. మన చదువు వాళ్లకి, వాళ్ల అనుభవం మనకి. "మీలో ఎవరికైనా అలాంటివాళ్లు తెలుసా" అని మీటింగులో అడిగితే అందరూ కిటికీల వైపు చూశారు. సమాజశాస్త్ర శాఖలో పద్నాలుగేళ్లుగా రీడరుగా ఉన్న నాకు సమాజంలో తెలిసిన మనిషి ఒక్కరూ గుర్తు రాలేదు. చివరికి నీ పేరు చెప్పాను. "అమీర్‌పేటలో చేదోడు అని ఒక సంస్థ ఉందండీ, అద్భుతమైన పని చేస్తోంది" అన్నాను. ఏం పని అని ఆయన అడిగారు. "చాలా" అన్నాను.

కాబట్టి మీకూ మాకూ ఒక ఒప్పందం. నలుగురు ఎం.ఏ. విద్యార్థులు మూడు వారాలు అక్కడుండి, మీ ఆడవాళ్లందరినీ ఇంటింటికీ వెళ్లి కలుస్తారు. నేను నివేదిక రాస్తాను. దాచడం దేనికి, సెప్టెంబరు 25న ప్రొఫెసరు పదవికి ఇంటర్వ్యూ ఉంది. ఈ నివేదిక నా చేతిలో ఉంటే ఈసారైనా గట్టెక్కుతాను.

ప్రశ్నావళి అప్పుడే తయారు చేసేశాను. తొంభై ఆరు ప్రశ్నలు. ముందు మీ వదిన మీద ప్రయోగించి చూశాను. నలభయ్యో ప్రశ్న దగ్గర పాలు పొంగుతున్నాయని లేచి వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు.

నీ జవాబు కోసం చూసే
కామరాజు

అమీర్‌పేట,
11-7-2002

అన్నయ్యకు,

పని పడి రాసినా రాశావు, అదే సంతోషం. చేదోడు అద్భుతమైన పని చేస్తోందని నువ్వు అన్న ఆ మీటింగు మినిట్స్ ఉంటే ఒక కాపీ పంపు. ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తాను. మీ బావగారు సనత్‌నగర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఆ ముక్క రెండుసార్లు చదివించుకుని, "కామరాజేనా రాసింది" అని దస్తూరీ చూశారు.

ఇంకోసారి ఏం పని అని అడిగితే ఇలా చెప్పు. మైత్రీవనం వెనక సందులో బాబూ మియా జిరాక్స్ కొట్టు, దాని మీద మా రెండు గదులు. కింద రోజంతా జావా, ఒరాకిల్ నోట్సులు కట్టలు కట్టలుగా కాపీలవుతుంటాయి. పైన మేం మంచాన పడ్డ మనిషి లేవకుండానే దుప్పటి మార్చడం ఎలాగో నేర్చుకుంటూ ఉంటాం. యూసుఫ్‌గూడ నుంచి వచ్చే ఆడవాళ్లు నలభై ఒక్కమంది. పంజగుట్ట అపార్ట్‌మెంట్లలో మొగుడూ పెళ్లామూ ఇద్దరూ సాఫ్ట్‌వేరు ఆఫీసులకి పోతే, ఇంట్లో ఉన్న బాలింతల్నీ జబ్బుమనుషుల్నీ వీళ్లు చూసుకుంటారు. నేను చేసేది ఎవరు ఏ ఇంటికి వెళ్లాలో రాయడం. బ్యాంకులో రాసినట్టే, కాకపోతే ఇక్కడ ఫ్యాను లేదు. అసలు పనంతా మసూదా చూసుకుంటుంది. ఆమెకి పనెలా చెయ్యాలో తెలుసు. నాకు ఆమె పేరు ఎలా రాయాలో తెలుసు.

నీకు పని పడినట్టే నాకూ పడింది. మార్చిలో మా ఇఫ్ఫత్ తుంటి ఎముక ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన్ని అలవాటు కొద్దీ పక్కకి దొర్లించింది. ఎముక మళ్లీ జారింది. రెండో ఆపరేషన్ తరవాత ఆయన కోలుకున్నాడు గానీ ఆ కేక ఇఫ్ఫత్ చెవుల్లోంచి పోలేదు. తప్పు ఆ పిల్లది కాదు, నేర్పకుండా పంపిన నాది. అప్పటినుంచి సోమాజిగూడలో ఒక ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నాను, మా వాళ్లకి వార్డులో మూడు నెలలు శిక్షణ ఇమ్మని. సూపరింటెండెంట్ డాక్టర్ రవికాంత్ గారు మంచివాడే. "మేడం, సంస్థ పేరు చెప్పుకుని రోజుకి పదిమంది వస్తారు. ఒక యూనివర్సిటీ వాళ్లు చూసి, వీళ్లు నిజంగా ఈ పనిలో ఉన్నవాళ్లేనని రాసిస్తే రేపే పిలుస్తాను" అన్నారు.

ఆ శిక్షణ దొరక్కపోతే దసరాకి చేదోడు మూసేస్తాను. చేతగాని చేతులతో ఇంకో మనిషిని దొర్లించే ధైర్యం నాకు లేదు. కాబట్టి పంపించు నీ పిల్లల్ని. యూసుఫ్‌గూడ సందుల్లో దారి తప్పుతారు, ఇల్లిల్లూ నేనే వెంట తిప్పుతాను.

చెల్లెలు
అరుణాదేవి

రాజమండ్రి,
18-7-2002

చెల్లాయికి,

పెద్దాయన సంగతి చదివి బాధపడ్డాను. వార్డు శిక్షణకి నా నివేదిక పనికొస్తుందంటే, నా ఉద్యోగంలో నేను రాసింది ఎవరికైనా పనికిరావడం ఇదే మొదలు. మీ వదిన కూడా ఈ మాటే అంది. ఆవిడ అన్న తీరు వేరు.

కానీ నువ్వు వెంట తిరగడం కుదరదు. నడిపేవాళ్లు పక్కనుంటే జవాబు చెప్పేవాళ్లు మొహమాటపడతారు. పరిశోధనకి అది మచ్చ. ఇరవై ఆరేళ్లుగా పరిశోధన పద్ధతుల పాఠం చెబుతున్నవాణ్ణి, సొంత చెల్లెలి దగ్గరే ఆ నియమం తప్పితే ఎలా? నువ్వు ఆ ఇళ్ల ఛాయలకి వెళ్లకూడదు. ఎవరొస్తారో, దేని గురించి అడుగుతారో కూడా ముందుగా వాళ్లకి చెప్పకూడదు.

పిల్లల్ని మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోకుండా ఏర్పాటు చేశాను. మెడలో ఫొటో ఉన్న కార్డులు, ఒక్కొక్కరికీ అట్ట వేసిన ప్యాడు, విశ్వవిద్యాలయం లెటర్‌హెడ్ మీద పరిచయ పత్రం. దానికోసం గుండ్రటి ముద్ర ప్రత్యేకంగా చేయించాను. ఊదారంగు సిరాతో వేస్తే ఎంత హుందాగా ఉందో. మొదటి రోజు అవసరం లేని కాగితాల మీద కూడా వేసుకున్నాను. కేదార్, మంజూష మిగతా ఇద్దరినీ తీసుకుని ఆదివారం బయల్దేరుతున్నారు.

నిష్పక్షపాతంగా
నీ అన్న

అమీర్‌పేట,
12-8-2002

అన్నయ్యా,

నీ పిల్లలు నిన్న గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కారు. బంగారం లాంటి పిల్లలు. ఏం అడిగారో, వీళ్లేం చెప్పారో నోరు విప్పి నాకు ఒక్క ముక్క చెప్పలేదు, నీ నియమమని మా ఆఫీసు మెట్లు కూడా ఎక్కలేదు. అంత గట్టిగా పెంచావు. కేదార్ నాలుగుసార్లు దారి తప్పాడు. మంజూష అమీర్‌పేట చౌరస్తాలో కరపత్రం ఇచ్చారని వెళ్లి ఒరాకిల్ డెమో క్లాసులో కూర్చుని వచ్చింది. ఊరికేనట. మీ శాఖలో ఒక సీటు ఖాళీ అయితే నన్ను అనకు.

నేను నీ మాట ప్రకారం ఆ మూడు వారాలూ యూసుఫ్‌గూడ వైపు చూడలేదు. కూరగాయలకి కూడా ఎస్సార్ నగర్ వెళ్లాను.

ఒక వింత చెప్పనా. ఆ రోజుల్లో బాబూ మియా కొట్టు నిండా టీవీలు. లెక్కపెడితే తొమ్మిది. జిరాక్స్ మిషన్ల మధ్య అటూ ఇటూ కదలడానికి చోటు లేదు. "ఏంటి మియా, వ్యాపారం మార్చావా" అంటే, "అమానత్ అవి మేడం, జర నాల్గు దినాలు ఉంటయ్, ఫికర్ చేయకుండ్రి" అన్నాడు. ఎవరో దాచుకోమని ఇచ్చారట. నీ పిల్లలు నిన్న వెళ్లారో లేదో, ఇవాళ పొద్దున్నకి అన్నీ మాయం. బ్యాంకులో ఇరవై రెండేళ్లు చేశానన్న మాటే గానీ నాకు ఏమీ తట్టలేదు.

మా వాళ్లు మాత్రం ఎన్నడూ లేనంత హుషారుగా ఉన్నారు. పొద్దున రాగానే ఒక్కొక్కరూ "ఎప్పుడొస్తది మేడం" అని అడుగుతున్నారు. నీ పిల్లలు చెప్పి ఉంటారు, నివేదిక మీద వీళ్లకి ఇంత ఆత్రం ఉంటుందని నేననుకోలేదు. "నెలలో వచ్చేస్తుంది" అన్నాను. మసూదా నా చేతులు పట్టుకుంది.

వదినని అడిగానని చెప్పు.

అరుణ

రాజమండ్రి,
5-9-2002

అరుణా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను. నువ్వు ఒంటరిగా ఉన్నప్పుడు చదువు. బావగారికి చూపించాలా వద్దా నీ ఇష్టం.

జవాబులన్నీ పట్టికలు వేశాం. నలభై ఒక్కమందిలో ముప్ఫై తొమ్మిదిమంది ఎక్కడా ఏ పనీ చెయ్యడం లేదన్నారు. మిగిలిన ఇద్దరు ఆరోగ్యం బాగాలేక ఏ పనీ చెయ్యలేకపోతున్నామన్నారు. ఏ ఇంట్లోనూ ఫ్యాను లేదు, గ్యాసు లేదు, టీవీ లేదు. ఇరవై ఆరుగురికి భర్త వదిలేసి వెళ్లిపోయాడు. చేదోడు గురించి తెలుసా అంటే అందరిదీ ఒకటే మాట, తెలియదని. అరుణాదేవి అనే పేరు ఎన్నడూ వినలేదని. మంజూష ఆ ఇళ్ల సంగతి చెబుతూ నా ముందే ఏడ్చింది.

ఇప్పుడు అన్నగా అడుగుతున్నాను, కోప్పడను. నువ్వు బ్యాంకు వదిలిన రోజు నేను అలా అరిచినందుకు, నా ముందు చిన్నబోకూడదని ఇదంతా కల్పించి చెప్పావా? ఆ రెండు గదులు ఉన్నాయా? ఆ పెద్దాయన ఉన్నాడా? చిన్నప్పుడు లెక్కల్లో ఎనభై ఎనిమిది వచ్చాయని ఊరంతా చెప్పి, నాన్న కార్డు అడిగితే పుస్తకాల సంచి బావిలో పడేశావు. ఆ రోజు నిన్ను కొట్టనివ్వలేదు నేను. ఈ రోజు కూడా ఎవర్నీ ఒక్క మాట అననివ్వను. కొన్నాళ్లు ఇక్కడికి వచ్చి మా దగ్గర ఉండు.

నివేదిక డీన్ గారికి 10వ తేదీన ఇవ్వాలి. నీ జవాబు చూడకుండా ఇవ్వను.

ఎప్పటికీ నీ అన్న

అమీర్‌పేట,
7-9-2002

అన్నయ్యకు,

తొందరలో రాస్తున్నాను, ఇన్‌లాండ్ లెటరు ఇదొక్కటే దొరికింది. ఆసుపత్రి వాళ్లు అక్టోబరు మొదటి వారంలో మొదలుపెడదామంటున్నారు. నీ నివేదిక కోసమే ఆగారు. నా చేతికి ఇస్తే నేను దిద్దానంటారు, నాకు పంపకు. నువ్వు రాసింది ఒక్క అక్షరం మార్చకుండా నేరుగా డాక్టర్ రవికాంత్ గారికే పంపెయ్యి. ఏం ఉన్నా అందరి ముందూ ఉండనీ. నాకు దాచుకునేదేమీ లేదు. నా గురించి ఆలోచించి ఆలస్యం చెయ్యకు.

అరుణ

అమీర్‌పేట,
11-9-2002

కామరాజు గారికి,

నీ ఉత్తరం ఎనిమిదో తారీఖున అందింది. ఒంటరిగా చదవమన్నావు. మా ఆఫీసులో ఒంటరిగా ఉండే చోటు మెట్ల మలుపు ఒక్కటే. అక్కడే కూర్చుని చదివాను.

లెక్కల మార్కులు కల్పించాను. పదకొండేళ్లప్పుడు. నలభై ఏడేళ్లొచ్చాక నలభై ఒక్కమంది మనుషుల్ని కల్పిస్తానా? రెండు రోజులు నీతో ఈ జన్మకి మాటలు లేవనుకున్నాను. మూడో రోజు, అంటే నిన్న, అందర్నీ కూర్చోబెట్టి నీ ఉత్తరంలో ఆ పట్టికల భాగం చదివి వినిపించాను. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. చివరికి మసూదా లేచింది.

"మేడం, గా పిల్లలు మెడల కార్డులేసుకొని వచ్చిండ్రు. కాగితం మీద గుండ్రని సీలుంది. ఇంట్ల ఫ్యానుందా, గ్యాసుందా, ఎవరు పనికి పోతరు అని అడిగిండ్రు. గిట్ల అడిగెటోళ్లు తెల్లకార్డోళ్లు గాక ఇంకెవరుంటరు? పోయినేడు గిట్లనే వచ్చి, ఫ్యానుందని చెప్పినందుకు మా గల్లీల నాలుగిండ్ల కార్డులు తీసేసిండ్రు. బియ్యం బందైనయ్."

"మరి చేదోడు తెలియదని ఎందుకన్నారు? నా పేరే వినలేదని ఎందుకన్నారు?" అని అడిగాను.

"మీ పేరు చెప్తే మీ మీదికి సుత వస్తరేమో అనుకున్నం. మిమ్మల్ని కాపాడినం మేడం" అంది. నలభైమందీ తలలూపారు, ఎంత బాగా కాపాడామో చూడు అన్నట్టు.

అన్నయ్యా, నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. ఆ టీవీలు వీళ్లవే. "ఎప్పుడొస్తది" అని అడిగింది నీ నివేదిక గురించి కాదు, కొత్త తెల్లకార్డు గురించి. ఇఫ్ఫత్ భర్త రిజ్వాన్ ఆటో సందు చివర ఆపి, ఇంట్లో బీరువా వెనక నిలబడ్డాడట. ఈ పిల్ల బీరువా ముందు కూర్చుని, రెండేళ్ల కింద వదిలేసి పోయిండని చెప్పింది. మంజూష కన్నీళ్లు పెట్టుకుని తన చేతిరుమాలు ఇచ్చింది. తను పోయినందుకు ఒక చదువుకున్న అమ్మాయి అంతగా బాధపడటం విని రిజ్వాన్‌కి బయటికొచ్చి సముదాయిద్దామనిపించిందట.

నాదీ తప్పుంది. ఇరవై రెండేళ్లు కౌంటరు ఇవతల కూర్చుని, ఫారం నింపేవాడు ఆ ఫారం ఎందుకో ఊహించుకునే నింపుతాడని చూస్తూనే ఉన్నాను. ఆ సంగతి నీకు చెప్పాలని తోచలేదు. పైగా నువ్వు దూరంగా ఉండమంటే, యూనివర్సిటీ వాడు చెప్పాడు కదా అని బుద్ధిగా ఉన్నాను.

నివేదిక ఇవ్వకుండా ఆపావు కదా. మళ్లీ అడుగుదాం, ఈసారి మనుషుల్లా.

అరుణ

రాజమండ్రి,
14-9-2002

అరుణమ్మా,

నన్ను గారు అన్నావు. అంతకంటే పెద్ద శిక్షే పడాల్సింది.

నివేదిక ఆపలేదు. నీ ఇన్‌లాండ్ లెటరు 9న వచ్చింది. అది నా ఉత్తరానికి నీ జవాబనుకున్నాను. "ఒక్క అక్షరం మార్చకు, దాచుకునేదేమీ లేదు, నా గురించి ఆలోచించకు" అని చదివి, మా చెల్లెలు ఎంత నిబ్బరంగా నిజం ఒప్పుకుందో అని కళ్లు తుడుచుకున్నాను. తారీఖులు లెక్కవేసుకుంటే తెలిసేది. నీకు నా ఉత్తరం అందకముందే నువ్వు రాశావని పరిశోధకుడికి తట్టలేదు. పదిన డీన్ గారికి ఒకటి, డాక్టర్ రవికాంత్ గారికి రిజిస్టరు పోస్టులో ఒకటి పంపేశాను. ఆ ఊదారంగు ముద్ర రెండింటిమీదా ప్రతి పేజీలోనూ వేశాను.

ఇంకా విను. వీసీ గారు నన్ను పిలిపించి కుర్చీ చూపించారు. "సొంత చెల్లెలి సంస్థ అయినా దాచకుండా రాశారు. ఇలాంటి నిజాయతీ ఈమధ్య చూడలేదు" అన్నారు. కాఫీ ఇప్పించారు. ఇన్నేళ్లలో వీసీ గదిలో నాకు కాఫీ రావడం ఇదే మొదలు. నా నిజాయతీ గురించి ఇప్పుడు క్యాంటీన్లో కూడా చెప్పుకుంటున్నారు. అది పచ్చి అబద్ధాల కట్ట అని ఈ ఊళ్లో తెలిసింది నాకూ మీ వదినకీ మాత్రమే.

25 దాకా నోరు మూసుకుని కూర్చుంటే నేను ప్రొఫెసర్ని. ఆ తరవాత దిద్దుకుందామన్న ఆలోచన నాకు రాలేదని చెబితే అది ఇంకో అబద్ధం. వచ్చింది. రెండు రోజులుగా వస్తూనే ఉంది. మీ వదినకి ఉత్తరం చూపించాను. ఆ పూట కంచం కొంచెం గట్టిగా పెట్టింది.

నువ్వు చెప్పు, ఏం చెయ్యను?

కామరాజు

అమీర్‌పేట,
18-9-2002

అన్నయ్యకు,

డాక్టర్ గారు పిలిపించారు. నీ నివేదిక ఆయన బల్ల మీద ఉంది. "మేడం, మీ దగ్గర పనిచేసేవాళ్లే లేనప్పుడు వార్డులో నేను ఎవరికి నేర్పాలి?" అన్నారు. మర్యాదగానే అన్నారు, అదే భరించలేకపోయాను. జరిగింది చెప్పబోయి ఆగిపోయాను. ఎందుకాగానో చెబుతాను.

నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మసూదా ఒక కాగితం రాయించి ఉంచింది. 'మేం చేదోడులో పనిచేస్తున్నాం, సర్వేలో చెప్పింది తప్పు' అని. నలభై ఒక్క పేర్లు, వేలిముద్రలు, ఇంటి నంబర్లతో సహా. "డాక్టర్ సాబ్‌కి ఇయ్యుండ్రి మేడం, కార్డు పోతే పోనీ" అంది. ఆ ఇళ్లలో నెల బియ్యం అంటే ఏంటో నాకు తెలుసు. వాళ్లు చేసే పనికి వచ్చేది పిల్లల ఫీజులకే చాలదు. ఆ కాగితం ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి పోవడానికి ఎంతసేపు? దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. నా వార్డు కోసం వాళ్ల పళ్లెంలో చెయ్యి పెట్టలేను. దసరాకి మూసేస్తాను. మా వాళ్లకింకా చెప్పలేదు. బోర్డు దింపించడానికి నిచ్చెన కావాలని బాబూ మియాతో మాత్రం అన్నాను. అతను వినబడనట్టు మిషన్ ఆన్ చేశాడు.

ఏం చెయ్యమంటావని అడిగావు. నేను చెప్పను. నీ ఉద్యోగం, నీ పద్నాలుగేళ్లు. నేరుగా ఆసుపత్రికి పంపమని రాసి ఊరుకున్నదాన్ని నేనే కాబట్టి నీకు నీతులు చెప్పే హక్కు లేదు. ఒక్కటే అడుగుతున్నాను. నువ్వు ఏం రాసినా, ఎవరితో మాట్లాడినా, వాళ్లు అబద్ధం చెప్పారని మాత్రం ఎక్కడా అనకు. ఆ మాట ఒక్కటి బయటికి పోతే నలభై ఒక్క కార్డులు పోతాయి.

అరుణ

రాజమండ్రి,
28-9-2002

చెల్లాయికి,

ఇంటర్వ్యూ అయింది. బోర్డులో అయిదుగురు. బయటినుంచి వచ్చిన నిపుణుడొకాయన నా నివేదిక తెరిచి, బాగుందని మెచ్చుకోబోయారు. నేనే ఆపాను. "అది చెల్లదండీ. నిన్న డీన్ గారికి రాసి వెనక్కి తీసుకున్నాను" అన్నాను.

"తప్పెక్కడ జరిగింది?"

"అడగడంలో జరిగింది."

"అంటే జవాబులు అబద్ధమంటారా?"

"కాదండీ. ఏ జవాబు ఏమిటో చెప్పలేని విధంగా నేను అడిగాను. నేను ఎవర్నో, ఎందుకొచ్చానో వాళ్లకి తెలియనివ్వలేదు."

"ప్రశ్నావళి ఎవరు తయారు చేశారు?"

"నేనే."

"ఇక్కడ పరిశోధన పద్ధతుల పాఠం ఎవరు చెబుతున్నారు?"

"నేనేనండీ. ఇరవై ఆరేళ్లుగా."

ఎవరో నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, బలవంతాన ఆపుకున్నాను. వీసీ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఈసారి కాఫీ లేదు.

పదవి కనకయ్యకి ఇచ్చారు. నా దగ్గరే పీహెచ్‌డీ చేసిన కుర్రాడు. స్వీటు డబ్బాతో ఇంటికొచ్చి కాళ్లకి దండం పెట్టాడు. తెలివైనవాడే, తొంభై ఆరు ప్రశ్నలు వెయ్యడు. మీ వదిన ఆ రోజు నాకు ఇష్టమని గుత్తి వంకాయ చేసింది. పదోన్నతి వచ్చినా ఇంత బాగా తినేవాణ్ణి కానేమో. బాధ లేదని కాదు, ఉంది. రీడరుగానే రిటైరవుతానని తెలిశాక ఆ గదిలో కుర్చీ కొంచెం గట్టిగా తగులుతోంది.

ఇంకో సంగతి. ఇంటర్వ్యూ మర్నాడు నేను సోమాజిగూడ వచ్చాను. డాక్టర్ గారి గది బయట బెంచీ మీద మూడు గంటలు కూర్చున్నాను. లోపలికి పిలిచాక, "ఆ నివేదిక రాసిన మూర్ఖుణ్ణి నేనేనండీ" అని మొదలుపెట్టాను. అంతకంటే తేలికైన మొదలు దొరకలేదు. "నా కాగితాన్ని చూసి వాళ్లని కాదనకండి. ఒక్క రోజు మంచం పక్కన నిలబెట్టి వాళ్ల చేతులు చూడండి. అప్పటికీ కాదంటే మా చెల్లెలు మళ్లీ మీ గుమ్మం తొక్కదు" అన్నాను. ఆయన "ఇంత దూరం ఇది చెప్పడానికే వచ్చారా" అన్నారు. నీకు కబురు చేస్తానన్నారు. చేస్తారో లేదో తెలియదు.

అక్కణ్ణించి అమీర్‌పేట ఎంత దూరం. నీ సందు మొదటిదాకా వచ్చాను. బాబూ మియా కొట్టు, దాని మీద నీ బోర్డు, మెట్ల మీద చెప్పులు, అన్నీ ఉన్నాయి. లేవేమోనని అడిగినవాణ్ణి ఏ మొహంతో ఎక్కను? వెనక్కి తిరిగి స్టేషనుకి వెళ్లిపోయాను.

నీ అన్న

అమీర్‌పేట,
6-10-2002

అన్నయ్యా,

సందు మొదటిదాకా వచ్చి వెళ్లిపోయావని చెబితే మసూదా నన్ను కోప్పడింది. "గంత దూరం నుంచి వచ్చిన మనిషి చాయ్ తాగకుండ పోయిండా? మీ అన్నకు మీరన్న చెప్పొద్దా" అని. నేనూ అదే అడుగుతున్నాను. ఏ మొహంతో ఏంటి? ఉన్న మొహంతోనే ఎక్కాలి. నువ్వు పోగొట్టుకున్నదానికి నాకు ఏడుపొచ్చింది. మీ బావగారు ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని ఫ్యాక్టరీకి తీసుకెళ్లారు, ఎవరికి చూపిస్తున్నారో తెలియదు.

డాక్టర్ గారు కబురు చేశారు. మూడో తారీఖున పన్నెండుమందిని రమ్మన్నారు. సాయంత్రానికి మిగతావాళ్లని కూడా తీసుకురమ్మన్నారు. మూడు నెలలు, రోజూ పొద్దున నాలుగు గంటలు. ఇఫ్ఫత్‌కి తుంటి ఆపరేషన్ అయినవాళ్లని ఎలా తిప్పాలో హెడ్ నర్సే దగ్గరుండి చూపించింది. ఆ పిల్ల ఒకటికి రెండుసార్లు అడిగి, తనే చేసింది. ఆ మంచం మీద మనిషి కేక పెట్టలేదు. నిద్రపోయాడు.

అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు. అంతకు ముందు, వార్డు గుమ్మంలో జరిగింది. హెడ్ నర్సు బల్ల వేసుకుని కూర్చుంది. ఇంత లావు రిజిస్టరు, పక్కన సీలు, స్టాంపు ప్యాడు. అది చూసి మా వాళ్ల నడక ఆగింది. అందరికంటే ముందు మసూదా ఉంది.

"పేరు?"

"మసూదా."

"ఏం పని చేస్తావు?"

మసూదా రిజిస్టరు వంక చూసింది, సీలు వంక చూసింది. నాకేం తెల్వదు అంటుందనుకున్నాను. అన్నా నేను తప్పు పట్టేదాన్ని కాదు.

"ముసలోళ్లను, బాలింతలను చూసుకుంట. ఏడాదిన్నర సంది చేదోడుల చేస్తున్న. రాసుకోండ్రి" అంది.

నర్సు రాసుకుంది. తరవాత ఇఫ్ఫత్. పేరు, పని అయ్యాక భర్త ఉన్నాడా అని అడిగింది.

"ఉన్నడు. కింద ఆటోల కూసున్నడు" అంది ఇఫ్ఫత్.

ఒకళ్ల తరవాత ఒకళ్లు పన్నెండుమందీ చెప్పారు. ఎవరూ గొంతు తగ్గించలేదు. నేను గోడకి ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. నువ్వు అక్కడ ఉండాల్సింది అన్నయ్యా.

నీ
అరుణ